రెండు బెడ్‌రూంల ఫ్లాట్, మూడు తరాల సామాను: ఎక్కడ మొదలుపెట్టాలి?

నిజాంపేట్ తులసి

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ నిజాంపేట్‌లో రెండు బెడ్‌రూంల ఫ్లాట్. నేను, మావారు, ఇద్దరు పిల్లలు ఉండేవాళ్ళం. మామయ్యగారు పోయాక జనగామలో ఇల్లు అమ్మేసి అత్తయ్యగారిని ఇక్కడికి తీసుకొచ్చాం. ఆవిడతో పాటు ఇత్తడి గంగాళం, బిందెలు, కంచు గ్లాసులు, ఆవకాయ జాడీలు, మామయ్యగారి పుస్తకాలు, పాత వారపత్రికల కట్టలు, ఆయన ఫైళ్ళు కూడా వచ్చాయి. సజ్జలు నిండిపోయాయి. మంచాల కింద కూడా ఖాళీ లేదు.

దీనికి తోడు మా సామాను. ఆన్‌లైన్‌లో వచ్చిన అట్టపెట్టెలు, పిల్లలకు చిన్నవైపోయిన యూనిఫాంలు, పేరంటాల్లో వచ్చిన జాకెట్ ముక్కలు, ఫంక్షన్లలో ఇచ్చిన ప్లాస్టిక్ బుట్టలు. డైనింగ్ టేబుల్ మీద అన్నం తిని ఎన్నాళ్ళయిందో. పిల్లలు హోంవర్క్ నేల మీద కూర్చునే రాసుకుంటున్నారు.

ఆదివారం వస్తే సర్దడమే పని. మళ్ళీ బుధవారానికి మామూలే. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? అత్తయ్యగారి మనసు కష్టపెట్టకుండా ఈ సామాను తగ్గించే దారి ఏదైనా ఉందా? ఇలాంటి ఇళ్ళలో ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వనస్థలిపురం టీచర్

తులసి గారూ, ఒక్క మాట. సజ్జ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. అందరూ అక్కడే మొదలుపెడతారు. పొద్దున్నే నిచ్చెన వేసుకుని మూటలన్నీ దింపుతారు, మధ్యాహ్నానికి ఓపిక అయిపోతుంది, సాయంత్రం అన్నీ మళ్ళీ పైకి తోసేస్తారు. ఆ ఆదివారం అలా పోతుంది, ఇంట్లో మాత్రం ఏ మార్పూ కనపడదు.

మీ డైనింగ్ టేబుల్‌తో మొదలుపెట్టండి. దాని మీద ఏమేం ఉన్నాయో ఒకసారి తీరిగ్గా చూడండి. మా ఇంట్లో అయితే బీపీ మాత్రల స్ట్రిప్పులు, ఫోన్ చార్జర్లు, కరెంటు బిల్లు, పెళ్ళి శుభలేఖలు, స్కూటీ తాళం, సగం వాడిన టేపు ఉండేవి. వీటిలో పారేయాల్సినవి తక్కువే. వేరే చోటు లేక టేబుల్ ఎక్కినవే ఎక్కువ. తాళాలకు తలుపు పక్కన మేకు కొట్టించాను. మాత్రలకు మంచినీళ్ళు తాగే చోట ఒక డబ్బా పెట్టాను. బిల్లులకు గోడకు వేలాడే సంచీ. వస్తువు రోజూ ఎక్కడ వాడతామో అక్కడికి చేతికందేంత దూరంలోనే దాని చోటు ఉండాలి. బెడ్‌రూం బీరువాలో చోటు ఇస్తే ఎవరూ అక్కడిదాకా వెళ్ళి పెట్టరు.

టేబుల్ ఖాళీ అయి, ఇంట్లో అందరూ కూర్చుని అన్నం తింటే మిగతా పని చేయడానికి మనసు వస్తుంది. అత్తయ్యగారికి కూడా మీరు ఏం చేయబోతున్నారో కళ్ళతో కనిపిస్తుంది.

మియాపూర్ కుర్రాడు

నేను బ్యాచిలర్‌ని అక్కా, కాబట్టి నా అనుభవం తక్కువే. కానీ మా ఫ్లాట్‌లో పెట్టుకున్న రూల్ ఒకటే: ఏడాది వాడకపోతే బయటికి. పనికొచ్చేది ఓఎల్‌ఎక్స్‌లో పెట్టేస్తాం. మిగతాది పాత సామాన్ల అబ్బాయికి. మీరూ గట్టిగా ఒక డెడ్‌లైన్ పెట్టుకోండి.

సీతాఫల్‌మండి

తమ్ముడూ, మీ ఫ్లాట్‌కి ఆ రూల్ సరిపోతుంది, సంసారాలకు సరిపోదు. బొమ్మల కొలువు మెట్లు ఏడాదికి ఒక్కసారే దిగుతాయి. కూలర్ మార్చి నుంచి జూన్ దాకా ఉంటుంది. బొంతలు డిసెంబర్, జనవరి. ఆవకాయ జాడీ మే నెలలో. అరిసెల గరిటెలు సంక్రాంతికి. కొన్ని వస్తువులకైతే మూడేళ్ళకోసారి గానీ వంతు రాదు. వాటిని పనికిరానివని ఎలా అంటాం?

నేను చేసింది ఏమిటంటే, సజ్జలో సామాను కాలాన్ని బట్టి మూటలు కట్టాను. ఎండాకాలం మూట, పండగల మూట, చలికాలం మూట. ప్రతి మూట మీద స్కెచ్ పెన్‌తో లోపల ఏముందో రాసి, ఆ కాగితాన్ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నా. కాలం దాటినా ఒక వస్తువు మూట విప్పకుండానే ఉండిపోయిందంటే దాని గురించి అప్పుడు ఆలోచిస్తాను. క్యాలెండర్ మన పండగలదై ఉండాలి, అంతే.

ఇంకో మాట. ముప్ఫై మందికి వండే డేగిసాలు, పెద్ద అండాలు, బేసిన్లు ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు. ఏ బస్తీకి వెళ్ళినా ఒక టెంట్ హౌస్ ఉంటుంది. ఒక పూటకి అద్దెకి తెచ్చుకుని కడిగి ఇచ్చేయవచ్చు. సత్యనారాయణ వ్రతానికి మేం అదే చేస్తున్నాం. మా సజ్జలో సగం చోటు ఆ గిన్నెలే తినేసేవి.

నిజాంపేట్ తులసి

టెంట్ హౌస్ మాట బాగుంది సీతాఫల్‌మండి గారూ, అసలు తట్టనే లేదు. టీచర్ గారూ, టేబుల్ పని ఇవాళే మొదలుపెడతాను.

బట్టల సంగతి కూడా చెప్పరూ. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె మా వీధికి వస్తుంది. ఇచ్చేయమంటారా?

అత్తాపూర్ సరళ

ఇవ్వండి, కానీ మార్పిడిలో ఏం వస్తుందో చూసుకోండి. ఆరు చీరలు, నాలుగు ప్యాంట్లు పోయి ఒక స్టీలు బేసిన్, రెండు డబ్బాలు వస్తాయి. బట్టల బీరువా తేలికపడి వంటింటి గూడు బరువెక్కుతుంది. నిజంగా గిన్నె అవసరమైతేనే ఆ బేరం పెట్టుకోండి.

నేను బట్టలు మూడు రకాలుగా వేరు చేస్తాను. ఇంకా కట్టుకోదగ్గవి ఒకటి. చిరిగిన నూలు బట్టలు రెండోది, తుడుపు గుడ్డలకి. ఏటా చీరలు చింపి కుప్పలు పోయకండి, ఒక డబ్బా నిండా గుడ్డలు ఉంటే చాలు. మూడోది పాడైపోయిన సింథటిక్. మొదటి రకానికి గూంజ్ లాంటి సంస్థలున్నాయి. 1999లో మొదలైన సంస్థ అది, దాన్ని పెట్టిన అంశు గుప్తాకి 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఇవ్వాలి. మన ఊళ్ళో ఎక్కడ తీసుకుంటున్నారో వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్ళండి. నూలు చీరలు, దుప్పట్ల ముక్కలతో వాళ్ళు ఆడవాళ్ళకు నెలసరి ప్యాడ్‌లు కూడా కుట్టిస్తారు. అది తెలిశాక పాత నూలు చీర ఇవ్వడానికి నాకు ఎప్పుడూ బాధ అనిపించలేదు.

ఇంట్లో పనిచేసే ఆమెకి ఇవ్వడం గురించి గట్టిగా చెప్పాలని ఉంది. మనకు అక్కర్లేనిదంతా మూటగట్టి ఆమె చేతిలో పెట్టేసి పుణ్యం చేశామనుకుంటాం. ఆమె ఉండేది ఒక్క గదిలో. వద్దంటే అమ్మగారు ఏమనుకుంటారోనని మోసుకెళ్తుంది. ముందు అడగండి, నచ్చింది ఏరుకోనివ్వండి, వద్దంటే వదిలేయండి. మన చెత్తకు ఆమె ఇల్లు చోటు కాకూడదు.

వనస్థలిపురం టీచర్

సరళ గారు చెప్పిన ఆఖరి మాటకు నమస్కారం.

పట్టుచీరల గురించి రెండు మాటలు కలుపుతాను. ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, వానాకాలం చెమ్మ లోపలే ఉండిపోయి మరకలు పడతాయి. పాత నూలు పంచెలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగిలితే రంగు మారుతుంది, వాటిని గుడ్డలో మూటకట్టి అల్మారా మూలన పెట్టండి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చకపోతే ఆ మడత దగ్గరే చీర చీలుతుంది. మడతలు మార్చే రోజే ఏది కడుతున్నాం, ఏది కట్టడం లేదన్నది తెలిసిపోతుంది. అక్కాచెల్లెళ్ళకో కోడళ్ళకో ఇవ్వాల్సినవి బాగున్నప్పుడే ఇచ్చేయండి. చిరిగాక ఇస్తే వాళ్ళేం చేసుకుంటారు?

చిక్కడపల్లి పాఠకుడు

మామయ్యగారి పుస్తకాల గురించి నేను చెప్తాను. తులసి గారూ, దయచేసి వాటిని రద్దీకి, అంటే పాత కాగితాలు కొనేవాళ్ళకు, కిలోల లెక్కన వేయకండి. కనీసం చూసి వేయండి.

ముందు ప్రతి పుస్తకం తెరిచి, తిరగేసి దులపండి. ఆ తరం వాళ్ళు ఉత్తరాలు, రసీదులు, బాండు కాగితాలు, ఫోటోలు పుస్తకాల్లోనే దాచేవాళ్ళు. రెండోది, పుస్తకాలను కుప్పలుగా వేరు చేయండి. ఇప్పటికీ షాపుల్లో దొరికే నవలలు ఒక కుప్ప. పాత వారపత్రికలు, ప్రత్యేక సంచికలు, సీరియళ్ళు చింపి బైండు చేయించినవి, ఊరి దేవస్థానం లేదా కాలేజీ సావనీర్లు ఇంకో కుప్ప. రెండో కుప్పే విలువైనది. అవి మళ్ళీ అచ్చు కావు. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం ఉంది, పరిశోధన చేసేవాళ్ళు అక్కడికి వస్తుంటారు. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 నుంచి ఉంది. ముందు ఫోన్ చేసి, మీ దగ్గరున్న వాటి జాబితా చెప్పి, వాళ్ళకు కావాలంటేనే తీసుకెళ్ళండి. చెప్పకుండా అట్టపెట్టెలతో వెళ్ళి గుమ్మం ముందు దింపితే మన ఇంటి సమస్య వాళ్ళకు అంటగట్టినట్టే.

మొదటి కుప్పకు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ళు ఉన్నారు. డబ్బులు పెద్దగా రావు కానీ పుస్తకం మళ్ళీ చదివేవాళ్ళ చేతికి చేరుతుంది.

ఉంచుకునే పుస్తకాలను అట్టపెట్టెలో మూసి సజ్జ ఎక్కించకండి. వెండిపురుగు, చెద పట్టేది అక్కడే. గాలి తగిలే అల్మారాలో, గోడకు ఆనకుండా నిలబెట్టండి. అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆయనకు బాగా ఇష్టమైనవి ఏవో అడగండి. ఒక అల్మారా అర ఆయన పేరున ఉంచండి. అర నిండేవరకు ఆవిడే ఎంచుతారు, మిగతావి ఎక్కడికి వెళ్ళాలో కూడా ఆవిడే చెప్తారు.

పాత బ్యాంకు ఉద్యోగి, కొత్తపేట

ఫైళ్ళు అన్నారు కదా, ఆ పని మాత్రం ఆగమేఘాల మీద చేయకండి. ఇంట్లో సామాను విషయంలో పొరపాటు జరిగితే మళ్ళీ కొనుక్కోవచ్చు, కాగితాల విషయంలో అలా కుదరదు.

ఎప్పటికీ పారేయకూడనివి: రిజిస్టర్డ్ సేల్ డీడ్లు, వాటి వెనకటి లింక్ డాక్యుమెంట్లు, పొలం ఉంటే పట్టాదారు పాస్‌బుక్, వీలునామా, మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, టెన్త్ మెమోలు, డిగ్రీలు, పెన్షన్ పేమెంట్ ఆర్డర్. సేల్ డీడ్ పోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది, కానీ రేపు లోన్‌కి వెళ్తే బ్యాంకు ఒరిజినల్ అడుగుతుంది. జనగామ ఇల్లు అమ్మారు కాబట్టి అమ్మిన డీడ్ కాపీ, ఆ డబ్బు ఎక్కడికి వెళ్ళిందో చూపే కాగితాలు వేరే ఫైల్‌లో పెట్టండి. ఇన్‌కం ట్యాక్స్ కాగితాలు ఎన్నేళ్ళు ఉంచాలో మీ ఆడిటర్‌ని అడిగి అంతవరకు ఉంచండి.

పారేయదగ్గవి: మూసేసిన అకౌంట్ల చెక్కుబుక్కులు, వారంటీ అయిపోయిన కార్డులు, పదేళ్ళ నాటి ఫోన్ బిల్లులు, ఏటీఎం స్లిప్పులు. అయితే పేరు, అకౌంట్ నంబరు, సంతకం ఉన్న చోట చింపకుండా రద్దీకి వేయొద్దు. ఆధార్ జిరాక్సులు కూడా అంతే.

మామయ్యగారి పాత పాస్‌బుక్కులు, డిపాజిట్ రసీదులు కనపడితే మాత్రం ఆగండి. పదేళ్ళు ఎవరూ కదిలించని డిపాజిట్ల సొమ్ము రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న నిధికి వెళ్తుంది, కానీ వారసులు ఎప్పుడైనా అడిగి తీసుకోవచ్చు. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టింది. పేరుతో వెతికితే ఏ బ్యాంకులో ఉందో తెలుస్తుంది. పాత షేర్ సర్టిఫికెట్లు దొరికినా పారేయకండి. ఏడేళ్ళు తీసుకోని డివిడెండ్లు, షేర్లు కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిధికి వెళ్తాయి, వాటిని కూడా వెనక్కి తెచ్చుకునే పద్ధతి ఉంది. పనిలో ఉన్న రోజుల్లో, ఇంట్లో కాగితం ఉండి కూడా దాని సంగతి తెలియక సంవత్సరాల తరబడి డబ్బు వదిలేసుకున్న కుటుంబాలను చూశాను. అందుకే ఇంత చెప్తున్నా.

ఇంకొకటి, ఫైళ్ళు కింది అరల్లో పెట్టకండి. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన మనందరికీ గుర్తుంది. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళలో బీరువా కింది అరల్లో ఉన్న డాక్యుమెంట్లు ముద్ద ముద్ద అయిపోయాయి. జిప్ ఉన్న ప్లాస్టిక్ ఫోల్డర్లలో పై అరలో పెట్టండి. డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీ, ఆధార్ లాంటివి డిజీలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో చేర్చుకుంటే రోజూ వెతుకులాట తప్పుతుంది.

నిజాంపేట్ తులసి

సార్, ఉద్గమ్ సంగతి మావారికి చూపించాను. రాత్రే పేరు కొట్టి చూస్తామన్నారు. చాలా థాంక్స్.

ఇక అసలు ఇబ్బంది చెప్పనా? ఇత్తడి గంగాళం. అది బాల్కనీలో సగం ఆక్రమించింది. "అమ్మేద్దామా అత్తయ్యా" అని అడిగాను. ఆవిడ ఏమీ అనలేదు, ఆ పూట అన్నం మాత్రం సరిగా తినలేదు. నాకు చాలా బాధగా ఉంది.

అల్వాల్ అమ్మమ్మ

తులసీ, నేనూ అత్తగారినేనమ్మా. మా అబ్బాయి దగ్గరికి వచ్చేటప్పుడు నేనూ ఒక లారీ సామాను తెచ్చాను. అటువైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్తాను.

మీ ఇంట్లో గోడలు మీవి, టీవీ మీది, మంచం మీది. ఆవిడది అని చెప్పుకోవడానికి ఆ గంగాళం, బిందెలే మిగిలాయి. దాంట్లో మీ మామగారికి తలంటు నీళ్ళు కాచి ఉంటుంది, మీ ఆయనకు పురిటి స్నానం చేయించి ఉంటుంది. అమ్ముదామా అని అడిగితే అవునంటే బాధ, కాదంటే కోడలికి ఇబ్బంది. అందుకే మాట రాలేదు ఆవిడకి.

నువ్వు అమ్మే మాట ఎత్తకు. ఈ సామానులో ఎవరికి ఏమిద్దామనుకుంటున్నారు అత్తయ్యా అని అడుగు. మా కోడలు నన్ను అలానే అడిగింది. అప్పుడు నేనే లెక్క చెప్పాను. పెద్ద బిందె మా ఆడపడుచు కూతురికి, కంచు గ్లాసులు మనవరాలి పెళ్ళికి, దీపపు కుందులు నా దగ్గరే. ఇచ్చేటప్పుడు ఎవరు ఎప్పుడు ఎక్కడ కొన్నారో కూడా చెప్పి ఇచ్చాను. తీసుకున్న పిల్ల దాన్ని ఇప్పుడు హాల్లో పెట్టుకుంది.

ఉంచుకునేవి వాడకంలోకి తెండి. వాడని ఇత్తడికి చిలుము పట్టి ఊరికే పాడైపోతుంది. వంటకు వాడాలంటే మాత్రం లోపల కళాయి, అంటే తగరం పూత, పూయించాల్సిందే, చింతపండు పులుసు ఇత్తడిలో చెడిపోతుంది. చిన్న ఇత్తడి గిన్నెకు కళాయి వేయించి ఆదివారం పప్పుచారు అందులో కాయించు. గంగాళంలో నీళ్ళు పోసి వరండాలో తామర వేసుకునేవాళ్ళు ఉన్నారు, కానీ దోమల సంగతి చూసుకోవాలి.

ఇంకో సంగతి. అత్తగారికి ఒక బీరువా పూర్తిగా ఇచ్చెయ్యి. దాంట్లో ఏముందో, ఎలా సర్దుకుందో ఎవరూ అడగొద్దు. ఆ బీరువా బయట ఉన్నవాటి గురించి ఆవిడే నీతో మాట్లాడుతుంది.

మియాపూర్ కుర్రాడు

అమ్మమ్మా, ఇది చదివాక మా అమ్మకు ఫోన్ చేశాను. మా ఊళ్ళో నా పాత సైకిల్ అమ్మేయమని పోయిన నెల గట్టిగా చెప్పాను. ఇప్పుడు ఆమె ఏమనుకుంటోందో అడిగాను. ఏడాది రూల్ నా సామానుకే పెట్టుకుంటా, ఇతరుల వస్తువులకు పెట్టను.

వంటింటి కబుర్లు

వంటింటి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. నాకు ఇష్టమైన చోటు, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

వంటింట్లో ఇరుకు గిన్నెల వల్ల కన్నా ఎక్కువ సరుకుల వల్ల వస్తుంది. చవగ్గా వస్తుందని బేగంబజార్ వెళ్ళి ఐదు కిలోల కందిపప్పు, మూడు కిలోల శనగపప్పు తెస్తాం. నలుగురున్న ఇంట్లో అది అయ్యేలోపు పురుగు పడుతుంది. తర్వాత చెరిగి, ఎండబెట్టి, మళ్ళీ డబ్బాకెత్తడం. చవగ్గా వచ్చిన డబ్బు కన్నా ఆ శ్రమ ఎక్కువ. బియ్యం ఎలాగూ బస్తా తప్పదు. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టాక షాపుల్లో 26 కిలోల బస్తాలు వచ్చాయి. బస్తా అంతా ఒకేసారి పోసుకునే మూత డబ్బా ఒకటి కొనండి, బస్తాను నేల మీద చెమ్మలో పెట్టకండి. వేపాకు ఎండబెట్టి గుడ్డలో కట్టి వేయండి. కొత్త బియ్యాన్ని పాత బియ్యం మీద పోయకండి. అడుగున ఉన్న పురుగే పైకి పాకుతుంది.

పప్పుల డబ్బాలు లోపల కనిపించేవి పెట్టుకోండి. నా దగ్గర ఒకప్పుడు పెసరపప్పు మూడు చోట్ల ఉండేది, ఎందుకంటే స్టీలు డబ్బాలో కనపడక లేదనుకుని మళ్ళీ తెచ్చేవాళ్ళం. ఇప్పుడు ఒక పద్ధతి ఉంది: డబ్బా ఖాళీ అయితేనే చీటీ మీద రాస్తాం. చీటీ ఫ్రిజ్ మీద అయస్కాంతంతో ఉంటుంది. ఎవరు షాపుకి వెళ్ళినా దాని ఫోటో తీసుకుని వెళ్తారు.

బిర్యానీ పార్సిల్ డబ్బాలు, పెరుగు డబ్బాలు, జామ్ సీసాలు. ఒక బుట్ట పెట్టుకోండి. బుట్ట నిండితే కొత్తది వచ్చినప్పుడు పాతది పోవాలి. మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు ఇవాళే ఏరి తీసేయండి. ఈ ఒక్క పనితో ఒక సొరుగు ఖాళీ అవుతుంది.

అట్టపెట్టెలు వంటింట్లో అసలు పెట్టకండి. అట్ట మధ్యలో ఉండే ఆ మడతల సందుల్లో బొద్దింకలు గుడ్లు పెడతాయి, అట్ట అతికించిన జిగురు వాటికి తిండి. ఆన్‌లైన్ సామాను విప్పిన రోజే పెట్టె చదును చేసి బయట పెట్టేయాలి. పెస్ట్ కంట్రోల్‌కి డబ్బులు పోసినా పెట్టెలు అలానే ఉంటే ఫలితం ఉండదు.

మల్కాజిగిరి అసోసియేషన్ సెక్రటరీ

బయటికి పంపడం గురించి నేను చెప్తాను, రోజూ అపార్ట్‌మెంట్‌లో చూస్తున్నాను కాబట్టి. ఒక ఫ్లాట్ వాళ్ళు ఇల్లు శుభ్రం చేసుకుంటే అదంతా మెట్ల కిందికి, టెర్రస్ మీదికి చేరుతుంది. విరిగిన కుర్చీ, పాత కమోడ్, పెయింట్ డబ్బాలు. అది సర్దుకోవడం కాదు, మన సామాను అందరి నెత్తిన పెట్టడం.

చెత్త ఆటోకి తడి, పొడి వేరుగానే ఇవ్వాలి. ట్యూబ్‌లైట్లు, గడువు దాటిన మందులు మూడో రకం, హానికర చెత్త. ఇంటివాళ్ళు ఈ మూడూ వేరు చేసి ఇవ్వాలని 2016 నియమాల్లోనే పెట్టారు. సీఎఫ్ఎల్ బల్బులు, ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, పగలకుండా కాగితంలో చుట్టి ఇవ్వండి. మందులు అట్టల్లోంచి తీసి చెత్తలో కలపకండి, ఎవరైనా ఏరుకుని వాడే ప్రమాదం ఉంది.

పాత ఫోన్లు, చార్జర్లు, మిక్సీ మోటార్లు చెత్త ఆటోకి వద్దు. ఈ-వ్యర్థాల కొత్త నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలది. కంపెనీ వెబ్‌సైట్‌లో చూస్తే ఎక్కడ ఇవ్వాలో ఉంటుంది. ఉబ్బిన ఫోన్ బ్యాటరీ ఇంట్లో ఉంటే వెంటనే తీసేయండి. పొడవకండి, వంచకండి, సొరుగులో ఇతర సామానుతో కలపకండి, మంట అంటుకుంటుంది. పాత డబ్బా టీవీలు పగలగొట్టనివ్వకండి, ఆ గాజులో సీసం ఉంటుంది. పనిచేసే పాత సామాను ఎర్రగడ్డలో ఆదివారం జరిగే మార్కెట్‌లో తిరుగుతూనే ఉంటుంది. కుర్చీలు, మిక్సీలు, పంపులు బాగు చేయించి అమ్మేవాళ్ళు అక్కడ ఉన్నారు.

ఇప్పుడు దోమలు. అమ్మమ్మ గారు ముందే అన్నారు. కరోనా సంవత్సరం 2020లో ప్రతి ఆదివారం 10 గంటలకు 10 నిమిషాలు అని మన ఊళ్ళో ఒక కార్యక్రమం పెట్టారు, గుర్తుందా? ఇంట్లో, చుట్టుపక్కల నిలిచిన నీళ్ళు పారబోయడానికి. వారానికోసారి అని ఎందుకు పెట్టారంటే, డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికోసారి పారబోస్తే ఆ చక్రం తెగిపోతుంది. బాల్కనీలో పడేసిన బకెట్, కూలర్ ట్రే, కుండీ కింది పళ్ళెం, పాత టైరు, బోర్లించని గంగాళం, అన్నీ దానికి ఇళ్ళే. మా అసోసియేషన్‌లో ఆ పది నిమిషాలను ఇప్పటికీ ఆపలేదు. నీళ్ళు పారబోయడంతో పాటు బాల్కనీలో ఒక పనికిరాని వస్తువు కూడా అదే పది నిమిషాల్లో కిందికి దించుతాం. నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయని నింపి పెట్టుకునే డ్రమ్ములకు మాత్రం గట్టి మూతలు ఉండాలి.

సీతాఫల్‌మండి

జాకెట్ ముక్కల సంగతి మర్చిపోయాం. శ్రావణమాసం, దసరా వచ్చాయంటే మా ఇంట్లో ఒక సంచి నిండుతుంది. వాటితో జాకెట్ కుట్టించుకోలేం, మళ్ళీ ఎవరికో వాయనంలో పెడతాం, ఆమె ఇంకొకరికి పెడుతుంది. ఇంటింటికీ తిరిగే ఆ గుడ్డ ఎవరి ఒంటి మీదికీ ఎక్కడం లేదు. రెండేళ్ళ నుంచి నేను ఆపేశాను. తాంబూలం, పసుపు కుంకుమ, రెండు పళ్ళు, మూర పూలు. మొదట్లో కొంతమంది నొచ్చుకున్నారు.

అత్తాపూర్ సరళ

నేను దీనికి పూర్తిగా ఒప్పుకోను సీతాఫల్‌మండి గారూ. ఇంటికొచ్చిన ముత్తయిదువకు బట్ట పెట్టడం మన మర్యాద. ఆపేయడం కన్నా పనికొచ్చే బట్ట పెట్టండి. నలుగురికి నాలుగు పల్చటి ముక్కల బదులు ఒక్కరికి మంచి నూలు ముక్క, కుట్టించుకోదగ్గది. సంచిలో ఉన్నవాటికి నేను చేసింది చెప్తాను: మా దర్జీ రెండు మూడు ముక్కలు కలిపి దిండు గలీబులు, కూరగాయల సంచులు కుట్టిచ్చాడు. సన్నవి బొంత లోపలికి వెళ్ళాయి.

సీతాఫల్‌మండి

మర్యాద విషయంలో మీరన్నది నిజమే. నేను అనేది, ఏది పెట్టినా అవతలి వాళ్ళ ఇంట్లో చోటు ఉందా అని ఒకసారి అనుకుని పెట్టాలని. ఫంక్షన్లలో రిటర్న్ గిఫ్ట్ పేరుతో రెండొందల మందికి ప్లాస్టిక్ బుట్టలు ఇస్తున్నాం. రెండొందల ఇళ్ళ సజ్జలు నింపుతున్నాం.

కూకట్‌పల్లి కవిత

సరిగ్గా ఇదే అడుగుదామని వచ్చాను. వచ్చే మాఘంలో మా పాపకు ఓణీల ఫంక్షన్. నూట యాభై మంది. బేగంబజార్‌లో స్టీలు బాక్సులు చూసి వచ్చాం. ఇప్పుడు ఈ చర్చ చదివాక మనసు రావట్లేదు. ఏమిస్తే బాగుంటుంది?

అల్వాల్ అమ్మమ్మ

తినేది ఇవ్వమ్మా. వారంలో అయిపోతుంది, ఎవరి సజ్జా నిండదు. సకినాలు, నువ్వుల ఉండలు చేయించు. ఇంటికి పావు కిలో చొప్పున కాగితం సంచిలో కట్టించు, ప్లాస్టిక్ డబ్బా వద్దు. మాఘం అంటే సంక్రాంతి దాటాక కదా, అప్పటికి చేసేవాళ్ళకు పని ఒత్తిడి తగ్గుతుంది, కానీ సంక్రాంతి ముందే చెప్పి అడ్వాన్స్ ఇచ్చి పెట్టుకో. పచ్చి పసుపు కొమ్ములు కూడా ఆ రోజుల్లోనే మార్కెట్‌కి వస్తాయి. ఒక్కో సంచిలో రెండు కొమ్ములు పెట్టు.

కూకట్‌పల్లి కవిత

మావారికి చదివి వినిపించాను, సరే అన్నారు. నూట యాభై ఇళ్ళకు పావు కిలో చొప్పున అంటే దాదాపు 38 కిలోలు. సకినాలు ఒక్కటే అంత చేయించాలా, సగం నువ్వుల ఉండలా అమ్మమ్మా?

అల్వాల్ అమ్మమ్మ

సగం సగం చేయించు. సకినాలు విరుగుతాయి కాబట్టి రెండు కిలోలు ఎక్కువే చెప్పు. నువ్వుల ఉండలు పాకం ముదిరితే పెద్దవాళ్ళు కొరకలేరు, ముందు అరకిలో చేయించి రుచి చూశాకే మిగతాది చెప్పు.